సూరాయమ్మ పదేళ్ళ మాత్రలు

గుమ్మలూరులో గవర్రాజు వాళ్ళింట్లో ఉన్నంత తెలివి చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ లేదు. ఈ మాట ఎవరన్నారంటే, గవర్రాజే అన్నాడు. అతని తమ్ముడు తాతబ్బాయి అవునన్నాడు. ఆఖరి తమ్ముడు అబ్బులు, అన్నయ్యలిద్దరూ అన్నాక అబద్ధం ఎలా అవుతుందన్నాడు. ముగ్గురి సాక్ష్యం కుదిరాక ఇంక ఊరివాళ్ళని అడగాల్సిన పనేముంది? అడగలేదు. వాన వస్తే కొత్త గొడుగు తడిసిపోతుందని దాన్ని చంకలో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పి, తాము తడుస్తూ ఇంటికొచ్చే జాగ్రత్త వాళ్ళది.

ఆ ఇంట్లో ఓ పనసచెక్క పీట ఉంది. ఇంటికి పెద్ద ఎవరో వాళ్ళే దానిమీద కూర్చోవాలి. అందరికీ అన్నం వడ్డించాక పీటమీది మనిషి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "ఊ" అనాలి. ఆ "ఊ" వినబడేదాకా మిగతావాళ్ళెవరూ కంచంలో చెయ్యి పెట్టకూడదు. పీట ఎక్కినవాళ్ళు పోయేదాకా అది ఇంకొకరికి రాదు. తాతలనాటి పద్ధతి. తండ్రి పోయాక పీట తల్లి సూరాయమ్మకి వచ్చింది. ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి. గవర్రాజుకి అరవై దాటాయి.

పాపం, గవర్రాజుకి జీవితంలో ఒకటే కోరిక. ఆ పీటమీద కూర్చుని ఒక్కసారి "ఊ" అనాలి. పశువులశాలలో ఎవరూ లేకుండా చూసి, బోర్లించిన గంపమీద కూర్చుని "ఊ" అనేవాడు. గేదెలు వెంటనే కుడితి తాగేవి. "నా గొంతులో పెద్దరికం ఉంది, కింద పీటే లేదు" అని నిట్టూర్చేవాడు. తల్లంటే అతనికి ప్రాణం. ఆవిడ పోవాలని ఏనాడూ అనుకోలేదు. పీట రావాలని మాత్రమే అనుకున్నాడు. ఈ రెండూ ఒకటేనన్న సంగతి ఆ తెలివైన బుర్రకి తట్టలేదు.

ఒకనాడు పొయ్యి దగ్గర సూరాయమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. ఇంకేముంది, ఇల్లంతా గొల్లుమంది. ఆవిడని మంచంతో సహా పట్నం ఆసుపత్రికి తీసుకెళదామని ఆటో పిలిచారు. మంచం ఎక్కించేసరికి ఆటోలో ఆవిడకి చోటు లేదు. అంతే, మంచాన్ని ముందు పంపించేసి, ఆవిడని వెనక ఇంకో ఆటోలో తీసుకెళ్ళారు.

డాక్టరమ్మ చూసి, "భయపడకండి. బీపీ ఎక్కువైంది. ఈ మాత్ర రోజూ సాయంత్రం ఒకటి వెయ్యండి. ఏం జరిగినా సరే, ఒక్క పూట కూడా మానకూడదు. ఉప్పూ, ఊరగాయా, అప్పడాలూ మానిపించండి. కోపం తెచ్చుకోకూడదు, దిగులు పెట్టుకోకూడదు. ఇలా మందు వేసుకుంటే ఇంకో పదేళ్ళు హాయిగా ఉంటారు" అంది.

"పదేళ్ళే!" అని ముగ్గురు కొడుకులూ చేతులెత్తి దణ్ణం పెట్టారు. తల్లి బతికినందుకు గవర్రాజు నిజంగానే వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుపు సగంలో ఉండగా పీట గుర్తొచ్చింది. మిగతా సగం దానికోసం ఏడ్చాడు.

ఇంటికొచ్చాక సభ జరిగింది. ఈ కొత్త మందుల వల్ల లోకానికి లాభమా నష్టమా అన్నది తేలాల్సిందేనన్నాడు తాతబ్బాయి.

"పూర్వం వేళకి పోయేవారు. పీటకి వంతు చక్కగా నడిచేది. ఇప్పుడు చూడు, ముందువాళ్ళు కదలరు, వెనకవాళ్ళు కదల్లేరు" అన్నాడు.

గవర్రాజు పెళ్ళాం నూకాలమ్మ ఒప్పుకోలేదు. "అదేంటి మరిదీ! మీ పిల్లోడికి జొరమొచ్చి కళ్ళు తేలేస్తే బతికించింది ఆ మందులే గదా?"

"అది వేరొదినా. చిన్నవాళ్ళు బతికితే ఎవరికీ అడ్డం లేదు. వాళ్ళు వంతులో వెనకాల నిలబడతారు."

"అయితే మందులు పిల్లలకి లాభం, పెద్దాళ్ళకి నష్టం అన్నమాట" అన్నాడు అబ్బులు.

"పెద్దాళ్ళకి నష్టమేంట్రా? నాకు బానే ఉంది గదా!" అంది పీటమీంచి సూరాయమ్మ.

అది కూడా నిజమే అనిపించింది అందరికీ. ఎటూ తేలక కాసేపు తల గోక్కున్నారు. ఆఖరికి తాతబ్బాయే దారి కనిపెట్టాడు. "అమ్మకి పదేళ్ళొచ్చాయి కాబట్టి అన్నయ్యకి ఆ పైన ఇంకో పదేళ్ళు కావాలి. అన్నయ్యకొస్తే, ఆ పైన నాకు కావాలి. అందరూ తలా పదేళ్ళు పుచ్చుకుంటే ఎవరి వంతూ పోదు."

అందరూ చప్పట్లు కొట్టారు. తెల్లారగానే మూకుమ్మడిగా ఆసుపత్రికి పోయి, తలా పదేళ్ళ మందు రాసిమ్మన్నారు. డాక్టరమ్మ అందరికీ చేతికి పట్టీ చుట్టి చూసింది.

"మీకే జబ్బూ లేదు. జబ్బు లేనివాళ్ళకి మందెందుకు?"

"అదేంటండీ! జబ్బున్నాళ్ళకి పదేళ్ళు ఖాయం చేసి, లేనోళ్ళని ఇలా గాలికొదిలేస్తే ఎలాగండీ?" అన్నాడు గవర్రాజు.

డాక్టరమ్మ వేళాకోళం అనుకుని నవ్వి, వెనకాల రోగిని పిలిచింది. వీళ్ళకి నవ్వు రాలేదు. జబ్బు లేకపోవడం ఎంత ప్రమాదమో అప్పుడు అర్థమైంది వాళ్ళకి.

"ముందు జబ్బు తెచ్చుకోవాలి. అమ్మని ఏవేం మానమందో, అవన్నీ మనం పట్టుకోవాలి" అన్నాడు గవర్రాజు.

అంతే. ఆ రోజునించి ఇంట్లో పప్పులో గరిటెడు ఉప్పు, చారులో గుప్పెడు ఉప్పు. ఆవకాయ జాడీ మధ్యలో పెట్టుకుని అన్నం నంచుకుని తిన్నారు. మధ్యాహ్నం అప్పడాలు, సాయంత్రం ఊరమిరపకాయలు. పక్కనే సూరాయమ్మ చప్పిడి కూర ముందు పెట్టుకుని, వాళ్ళ కంచాల వంక చూస్తూ "ఊ" అనేది. ఆ "ఊ"లో ఏడుపు వినబడేది. ఎవరికీ పట్టలేదు.

ఉప్పు కుదిరింది గాని కోపం కుదర్లేదు. వాళ్ళకి చప్పున కోపం రాదు. అందుకని వంతులు వేసుకున్నారు. పొద్దున్న గవర్రాజు వంతు.

"ఒరేయ్ తాతబ్బాయ్, నువ్వు నాకు తమ్ముడిగా ఎందుకు పుట్టావురా?"

"నువ్వు ముందే పుట్టేశావు గదా అన్నయ్యా! ఇంక నాకు ఏది ఖాళీ ఉందని?"

"అదీ నిజమే" అని గవర్రాజు చల్లబడిపోయాడు. నూకాలమ్మ నెత్తి కొట్టుకుంది. "నిజం చెప్తే కోపమెలా వస్తుందయ్యా? అబద్ధాలాడుకోండి!" అంది. అబద్ధాలు మొదలెట్టారు. నువ్వు నా గేదెని తాగేశావంటే, నువ్వు నా బావిని ఎత్తుకుపోయావన్నారు. అబ్బులు పోయి బావి ఉందో లేదో చూసొచ్చి, "ఉందన్నయ్యా, మనసు కష్టపెట్టుకోకు" అన్నాడు. మళ్ళీ చల్లబడిపోయారు.

ఎవరికీ ఏమీ కాలేదు గాని, గవర్రాజుకి మాత్రం పని జరిగింది. ఉప్పొకటి, ఊరగాయలొకటి, దానికితోడు ఎన్నాళ్ళనించో లోపలున్న పీట దిగులొకటి. ఓ మధ్యాహ్నం అప్పడం విరుస్తూ విరుస్తూ పక్కకి ఒరిగిపోయాడు. మూతి కాస్త వంకరపోయింది. తాతబ్బాయి, అబ్బులు ఒకరినొకరు కౌగిలించుకుని, "వచ్చేసింది! అన్నయ్యకి వచ్చేసింది!" అని గంతులేశారు. నూకాలమ్మ వీధిలో చక్కెర పంచింది. ఆ చక్కెర పంపకం పూర్తయ్యాక గాని ఆసుపత్రికి బయల్దేరలేదు. సూరాయమ్మ ఒక్కతే కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని, "వీడి కాళ్ళు చల్లబడుతున్నాయిరా, ఆటో పిలవండ్రా" అని కేకలేసింది.

డాక్టరమ్మ చాలాసేపు కష్టపడి గవర్రాజుని దక్కించింది. మూతి కూడా మళ్ళీ చక్కబడింది. తర్వాత తమ్ముళ్ళని బయటికి పిలిచి, "మాత్రలు రాశాను. కాని మాత్రలొక్కటే చాలవు. ఆయన మనసులో ఏదో దిగులుంది. అది తీర్చండి. లేకపోతే ఈసారి ప్రాణం మీదికొస్తుంది" అంది.

దిగులేమిటో అందరికీ తెలుసు. ఇంటికి రాగానే సూరాయమ్మ పీట ఎత్తి కొడుకు ముందు పెట్టింది. "తీసుకోరా నాయనా. దీనిమీద కూర్చుని నా నడుం పడిపోయింది. నువ్వు బతికుంటే నాకంతే చాలు."

గవర్రాజు చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "నువ్వు పోకుండా నేనెలా ఎక్కనమ్మా? పద్ధతి తప్పుతుంది."

"పోదామంటే ఆ మాత్రలు పోనివ్వట్లేదు గదరా!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. తాతబ్బాయి ఓ మూల కూర్చుని పెద్దగా ఆలోచించి లేచాడు. "పద్ధతిలో అమ్మ పోవాలని ఉంది. ఎలా పోవాలో లేదు. కర్మ చేసేస్తే పోయినట్టే గదా? ఊళ్ళో ఎవరికి కర్మ చేశామో వాళ్ళంతా పోయినవాళ్ళే. ఒక్కళ్ళు కూడా బతికి లేరు!"

ఇంత గట్టి రుజువు దొరికాక ఇంకేముంది! సూరాయమ్మని అడిగారు.

"గారెలు చేస్తారా?" అంది ఆవిడ.

"కర్మన్నాక గారెలు చెయ్యకుండా ఎలాగత్తా?" అంది నూకాలమ్మ.

"ఉప్పేసి?"

"ఉప్పేసే."

"అయితే కానీండి" అంది సూరాయమ్మ.

మంచి రోజు చూసుకుని అందరూ కాలవ రేవుకి వెళ్ళారు. పురోహితుడు ఈ మాట వినగానే వీధి తలుపు వేసేసుకున్నాడు కాబట్టి తాతబ్బాయే తనకి తోచింది చదివాడు. విస్తరిలో అన్నం ముద్ద, గారెలు, పప్పు, పరమాన్నం పెట్టి గట్టుమీద ఉంచారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిపోయినట్టు.

కాకులు వచ్చాయి. విస్తరి పక్కనే సూరాయమ్మ కర్ర పుచ్చుకుని కూర్చుంది. నెలల తరబడి చప్పిడి కూడు తిన్న మనిషి ఆ గారెలు కాకులకి వదులుతుందా? "హుష్! హుష్!" అని ఒక్కదాన్నీ దగ్గరికి రానివ్వలేదు.

"అమ్మకి ఏదో కోరిక ఉండిపోయింది" అన్నాడు గవర్రాజు. ముగ్గురూ చెట్టుమీది కాకికేసి చేతులు జోడించారు. "అమ్మా! తమ్ముళ్ళని నా బిడ్డల్లా చూసుకుంటానమ్మా. వచ్చి ముట్టవే."

"చూసుకోరా. నన్ను ముందు తిననీ" అంది సూరాయమ్మ.

పోయినవాళ్ళతో మాట్లాడకూడదని గవర్రాజు బదులు చెప్పలేదు. తాతబ్బాయి అందుకున్నాడు. "అమ్మా! నీ సూడి గేదెని అమ్మమే అమ్మా!"

"అమ్మితే కాళ్ళిరగ్గొడతాను!"

కాకి రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంక సూరాయమ్మ ఆకలికి ఆగలేక విస్తరి ఒళ్ళోకి లాక్కుని, గారె తుంచి పప్పులో అద్ది నోట్లో పెట్టుకుంది. అది చూసి అందరి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. "అమ్మే స్వయంగా వచ్చి ముట్టింది! కాకి రూపంలో రావడానికి మనసొప్పలేదు పిచ్చితల్లికి" అన్నాడు గవర్రాజు. ముట్టాక వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పోవాలి. చూడకుండానే పోయారు. వెనక సూరాయమ్మ "మంచినీళ్ళురా!" అని అరిచినా ఎవరూ తిరగలేదు. పద్ధతి అలాంటిది.

ఆ సాయంత్రం గవర్రాజు పీట ఎక్కాడు. అందరూ కంచాల ముందు కూర్చుని అతని నోటికేసి చూశారు. అతను ముద్ద నోట్లో పెట్టుకుని "ఊ" అన్నాడు. చాలా సన్నగా వచ్చింది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన "ఊ" అది. అనగానే సంతోషం వస్తుందనుకున్నాడు, రాలేదు. పక్కన తల్లి లేదు. "ఇవాళ అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదిరా!" అని పీటమీద కూర్చునే భోరుమన్నాడు.

అప్పుడు వీధి తలుపు తట్టారు. "తలుపు తియ్యండ్రా, మాత్ర వేళయింది!"

ఇంకేముంది, కంచాలు ఎగిరాయి, పిల్లలు మంచాల కింద దూరారు. నూకాలమ్మ తలుపుకి అడ్డంగా రోలు దొర్లించింది. "దెయ్యమై వచ్చిందన్నయ్యా!" అని వణికాడు అబ్బులు.

గవర్రాజు కూడా వణికాడు గాని, కొడుకు గదా! "దెయ్యమైతే ఏంట్రా, అమ్మే గదా. ఏం జరిగినా మానద్దంది డాక్టరమ్మ" అని, మాత్ర, గ్లాసుడు నీళ్ళు కిటికీలోంచి బయట పెట్టాడు. వెనకే ఓ దుప్పటి, కంచంలో అన్నం కూడా పెట్టాడు. సూరాయమ్మ మాత్ర మింగి, అన్నం తిని, వీధి అరుగుమీద పడుకుంది. పోయిన మనిషిని లోపలికి రానివ్వకూడదని వాళ్ళు తలుపు తియ్యలేదు. వేళ తప్పకూడదని మాత్ర మానలేదు. అలా రోజులు గడిచిపోయాయి. వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ ఆవిడ అరుగుమీదే ఉండిపోయింది. మనవలు మాత్రం భయం తీరాక కిటికీలోంచి ఆవకాయ ముక్కలు అందిస్తూ ఉండేవాళ్ళు.

తర్వాతెప్పుడో డాక్టరమ్మ వైద్య శిబిరం అని ఊళ్ళోకి వచ్చింది. గవర్రాజు కనబడితే, "మీ అమ్మగారు ఎలా ఉన్నారు?" అనడిగింది.

"పోయారండి."

డాక్టరమ్మ మొహం చిన్నబోయింది. "అయ్యో, నాతో ఒక్క మాటైనా చెప్పలేదే!"

"మీ మాట మాత్రం జవదాటలేదండి. ఇవాళ్టిదాకా ఒక్క పూట మాత్ర మాన్లేదు. పోయిన దగ్గర్నించీ ఒళ్ళు కూడా చేశారండి."

డాక్టరమ్మ ఇంకేదో అడగబోయింది. గవర్రాజు చుట్టూ చూసి, దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని గొంతు తగ్గించాడు.

"మా నాన్నగారు కూడా పోయారండి. అప్పట్లో మాకు తెలివి చాలక మందు మొదలెట్టలేదు. కాస్త ఆలస్యమైందనుకోండి, ఆయనక్కూడా ఓ పదేళ్ళకి రాసిద్దురూ. అరుగు రెండోపక్క ఖాళీగానే ఉంది."