ఓడ మీది అక్షరం

అనగనగా, సముద్రం ఊరికి ఇప్పటికంటే ఓ బారెడు దగ్గరగా ఉన్న కాలంలో, పైడిరేవు అని ఒక పట్నం ఉండేది.

ఆ రేవు నుంచి ఏటా ఓడలు బయలుదేరేవి. వెళ్ళేటప్పుడు అద్దకం బట్టలు, వచ్చేటప్పుడు కర్పూరమూ లవంగాలూ. ఓడ ఒక్కడి సొత్తు కాదు. చేతనైనంత పెట్టి ఎవరైనా అందులో వాటా కొనుక్కోవచ్చు. ఓడ తిరిగొస్తే లాభంలో వాటా. రాకపోతే సముద్రం వైపు తిరిగి ఒక దణ్ణం.

మరి ఏ ఓడ మంచిదో మామూలు మనుషులకేం తెలుస్తుంది? తెడ్డుకీ తెరచాపకీ తేడా తెలియనివాళ్ళు కూడా వాటాలు కొనేవాళ్ళు. మాటకారి వర్తకులు చిల్లుపడ్డ ఓడల్ని పుష్పక విమానాలని చెప్పి అంటగట్టేవాళ్ళు. జనం గోల రాజుగారి చెవిన పడింది. ఆయన తిప్పరసు అనే అధికారిని పిలిచి, ఓడల్ని పరీక్షించే పని అప్పగించాడు.

తిప్పరసు నిక్కచ్చి మనిషి. ప్రతి ఓడా ఎక్కేవాడు. మూడే మూడు సంగతులు చూసేవాడు. కలప ఎలా ఉంది? నడిపే సరంగు ఎలాంటివాడు? మోసుకెళ్ళే సరుక్కి అవతలి ఒడ్డున గిరాకీ ఉందా? చూసి, దిగి, ఓడ ముక్కు మీద ఎర్రటి జేగురుమట్టితో ఒకే ఒక్క అక్షరం రాసేవాడు. క అంటే నిశ్చింతగా వాటా కొనుక్కోవచ్చు. చ అంటే మంచిదే. ట అంటే ఫరవాలేదు. త అంటే జాగ్రత్త. ప అంటే ఆ ఓడ నీడన కూడా నిలబడవద్దు.

జనానికి పండగైపోయింది. మొదటి మూడేళ్ళూ ఆ అక్షరాలు ఎన్నో కొంపలు నిలబెట్టాయి. ఆ మాట నిజం, కాదనకూడదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పైడిరేవు వాళ్ళకి అక్షరమంటే మహా భక్తి. తాటాకు కాలికి తగిలితే తీసి కళ్ళకద్దుకునే రకం. రాసిన అక్షరాన్ని చెరిపితే సరస్వతమ్మకి కోపం వస్తుందని ఊరి పెద్దలు తీర్మానించారు. అంచేత ఓడ మొదటిసారి రేవుకొచ్చినప్పుడు ఏ అక్షరం పడితే, ఇక అదే దాని జన్మనక్షత్రం. పైగా ఏటా ఆయుధపూజ నాడు యజమానులు ఆ అక్షరం మీద మళ్ళీ జేగురు పూసి, పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. ఓడ ఏటికేడూ ముసలిదయ్యేది, అక్షరం మాత్రం ఏటికేడూ పడుచుదయ్యేది.

ఆ పట్నంలో, అద్దకంవాళ్ళ వీధిలో, చౌడమ్మ అనే ఆవిడ ఉండేది. యాభై దాటిన మనిషి. నలభై ఏళ్ళుగా బట్టకి ఎరుపు అద్దీ అద్దీ ఆమె అరచేతులు ఎప్పుడూ గోరింటాకు పండినట్టే ఉండేవి.

ఆ వీధికి పెద్ద కష్టం వచ్చిపడింది. బావిలోకి ఉప్పునీరు ఊరింది. ఆ నీళ్ళతో అద్దితే ఎరుపు ఎరుపులా రాదు, తాగితే దప్పిక తీరదు. ఆడవాళ్ళు రెండు క్రోసుల దూరం నడిచి కొండ ఊట నుంచి బిందెలు మోసుకొచ్చేవాళ్ళు. పోయిన వానాకాలం నీలమ్మ అనే చిన్నది రాళ్ళ మీద జారి, నడుం విరిగి మంచం పట్టింది.

కొండ నుంచి వీధికి కాలువ తవ్వించాలని పన్నెండేళ్ళుగా ఇంటింటికీ ఇంతని కూడబెట్టారు. నూట ఇరవై మాడలు పోగయ్యాయి. కాలువకి దానికి రెట్టింపు కావాలి. ఒక ఓడలో వాటా కొంటే ఆ సొమ్ము పెరుగుతుందని అందరూ కలిసి అనుకున్నారు. పని చౌడమ్మకి అప్పగించారు. కల్తీ రంగు ఒక్కనాడూ వెయ్యని మనిషని ఆమె మీద గురి.

"ఇందులో చూసేదేముంది అక్కా? రాజహంస మీద క ఉంది. తీసుకెళ్ళి ఇచ్చేసి రా" అన్నాడు వీధి పెద్ద లింగన్న.

"చూసి ఇస్తాను తమ్ముడూ."

"తిప్పరసుగారు చూశారుగా. మళ్ళీ నువ్వు చూసేదేమిటి?"

"తడి బట్ట మీద రంగు చూసి మనం ఎప్పుడైనా బేరం మాట్లాడామా? మూడుసార్లు ఉతికి ఆరేశాకే కదా మాట్లాడేది. ఇది పన్నెండేళ్ళ సొమ్ము. పోతే ఆ కొండ ఎక్కేది మన పిల్లలే" అంది చౌడమ్మ.

ఓడలు కదలాలంటే గాలి మళ్ళాలి, దానికి ఇంకా ఎనిమిది రోజులుంది. రేవులో ప్రయాణానికి సిద్ధంగా ఉన్నవి మూడు ఓడలు.

మొదటి రోజు ఆమె రాజహంస దగ్గరికి వెళ్ళింది. యజమాని మల్లిశెట్టి నవ్వుతూ ఎదురొచ్చి, తాంబూలం ఇచ్చి, నీడలో పీట వేయించాడు.

"సరంగు ఎవరండీ శెట్టిగారూ?" అని అడిగింది.

"మా బావమరిదేనమ్మా. రెండేళ్ళ నుంచీ వాడే."

"లోపల కలప ఒకసారి చూడనిస్తారా?"

శెట్టిగారి నవ్వు కాస్త సన్నబడింది. "అదేం మాటమ్మా. ఓడ ముక్కు మీద క కనపడుతోందిగా. అది చూశాక ఇంకా చూడాల్సింది ఏముంటుంది?"

చౌడమ్మ సరేనని ఆ అక్షరాన్నే చూసింది. అందరూ చూసినట్టు కాదు, అద్దకందారు చూసినట్టు చూసింది. జేగురు ఒక చోట పెచ్చు లేచింది. దాని కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి. లెక్కపెడితే ఏడు పూతలు తేలాయి. ఏడు ఆయుధపూజలన్నమాట. ఆమె తాంబూలం కళ్ళకద్దుకుని ఇంటికి వచ్చేసింది.

రెండో రోజు చిలకమ్మ అనే ఓడ దగ్గరికి వెళ్ళింది. దాని మీద చ ఉంది. ఓడ కొత్తది, అక్షరమూ కొత్తదే, సరంగు అనుభవం ఉన్నవాడు. ఆమె మనసు కుదుటపడింది. తీరా వాటా అడిగితే, "నిన్ననే అన్నీ అమ్ముడైపోయాయి తల్లీ" అన్నారు. కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి వచ్చింది.

మూడో రోజు మిగిలింది గంగానమ్మ. దాని మీద త ఉంది. ఆ ఓడ చుట్టుపక్కల పురుగు కూడా లేదు. సరంగూ యజమానీ ఒకడే, పోలయ్య. పాపం, వాటాలు కొనేవాళ్ళు లేక తన ఓడ నీడలో తానే కూర్చుని తాడు పేనుకుంటున్నాడు.

"నీకు త ఎందుకు పడింది నాయనా?" అని అడిగింది చౌడమ్మ.

"నాలుగేళ్ళ కిందటి మాటమ్మా. అప్పుడు తెరచాప కొయ్య పగుళ్ళిచ్చి ఉంది. నేనూ ఒక్క ప్రయాణమైనా చెయ్యలేదు. త రాయడం సబబే. నేనైనా అదే రాసుందును" అన్నాడు పోలయ్య.

"మరి ఇప్పుడో?"

"కొయ్య మార్చాను. చిన్న సరుకులతో నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. ఎక్కి చూడండి." అతను తనే లోపలి మూత తెరిచి, దీపం పట్టుకున్నాడు. "అదిగో, ఎడమ పక్కన ఆ రెండు బల్లలూ మెత్తబడ్డాయి. వాటాల సొమ్ము చేతికొస్తే ముందు అవి మార్చాలి."

అడగకుండానే తన లోపం చెప్పిన మనిషిని చౌడమ్మ ఆ మూడు రోజుల్లో మొదటిసారి చూసింది. అలాగని ఆమె తొందరపడలేదు. మంచివాడి ఓడ కూడా మునగగలదు. కలప సంగతి తనకేం తెలుసు? తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు.

తిప్పరసు ముసలివాడైపోయాడు. అరుగు మీద పడక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చౌడమ్మ ఆయన ఇంటికి వెళ్ళి, దణ్ణం పెట్టి, మూడు ప్రశ్నలు అడిగింది.

"అయ్యా, రాజహంస మీద క ఎప్పుడు రాశారు?"

"ఏడేళ్ళయింది."

"ఎందుకు రాశారు?"

"అప్పటి సరంగు కళ్ళు మూసుకుని సముద్రం దాటించగలవాడు. కలప పచ్చివాసన కూడా పోలేదు, అంత కొత్తది. అందుకని."

"ఇవాళ రాయమంటే ఏం రాస్తారు?"

"ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదమ్మా. ఆ రోజు ఓడ ఎలా ఉందో నేను రాశాను. జనం దాన్ని ఎప్పటికీ ఉండే వరమనుకున్నారు. ఏటా చూసి మార్చాలని ఒకసారి సభలో అన్నాను. చెరిపితే పాపం అన్నారు. నేను ఊరుకున్నాను. పదవి పోతుందని భయపడ్డాను, ఇప్పుడు దాచుకుని ఏం లాభం."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చౌడమ్మకి జాలీ వేసింది, కోపమూ వచ్చింది.

"చెరపొద్దులెండి. పాతదాని పక్కనే కొత్తది రాయండి. కింద ఏ ఏటిదో కూడా రాయండి. సరస్వతమ్మకి ఇంకో అక్షరం చూస్తే సంతోషమేగానీ కోపమెందుకొస్తుంది?" అంది.

ముసలాయన ముఖం విప్పారింది. కర్ర పుచ్చుకుని లేచాడు.

మర్నాడు పొద్దున్నే తిప్పరసు గంగానమ్మ ఎక్కాడు. బల్ల బల్లా తట్టి చూశాడు. దిగొచ్చి, త పక్కన ట రాసి, కింద ఆ సంవత్సరం పేరు రాశాడు. "ఆ రెండు బల్లలూ మారిస్తే చ రాస్తాను" అన్నాడు.

ఈలోగా రేవంతా పోగైంది. చౌడమ్మ అందరి ముందూ మల్లిశెట్టితో అంది. "శెట్టిగారూ, మీ ఓడ మీద కూడా ఈ ఏటి అక్షరం రాయించండి. మళ్ళీ క వస్తే మా వీధి సొమ్మంతా మీ ఓడలోనే పెడతాను."

అందరూ శెట్టి వైపు చూశారు. ఆయన కండువా సర్దుకున్నాడు. "ఒకసారి క పడ్డ ఓడకి మళ్ళీ పరీక్షేమిటి? అది నాకు అవమానం" అని చరచరా వెళ్ళిపోయాడు.

చౌడమ్మకి కావలసిన జవాబు దొరికింది. ముందు రెండు బల్లలకీ సరిపడా సొమ్ము మాత్రం పోలయ్యకిచ్చి, అవి మార్చాక తిప్పరసు చేత మళ్ళీ చూపించి, మిగతా సొమ్ము గంగానమ్మలో పెట్టింది.

ఆ సొమ్ము పెట్టేముందు వీధిలో గొడవైంది. "క ని కాదని పోయి పోయి త ఓడలో పెడతావా?" అని లింగన్న మండిపడ్డాడు. తన ఇంటి పది మాడలూ వెనక్కి తీసుకుని రాజహంసలో వేశాడు. చౌడమ్మ వాదించలేదు. గాలి మళ్ళింది, ఓడలు కదిలాయి, ఆమెకి మాత్రం ఏడు నెలలు కంటి మీద కునుకు లేదు. అన్నీ చూసినవాళ్ళకి కూడా భయం ఉంటుంది పిల్లలూ. చూడనివాళ్ళకే ఉండదు.

రాజహంస ఎంతో దూరం పోలేదు. తుపాను లేదు, గాలివాన లేదు. మూడో రోజున, నున్నటి నీళ్ళలో, పురుగు తిన్న బల్లలు విచ్చుకున్నాయి. చేపల పడవల వాళ్ళు మనుషులందర్నీ బతికించారు. సరుకంతా గంగపాలైంది. వారం తర్వాత ఓడ ముక్కు ఒక్కటీ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. దాని మీద క, ఏమాత్రం చెక్కు చెదరకుండా, ఎర్రగా మెరుస్తూ ఉంది. లింగన్న దాని ముందు ఇసకలో చతికిలబడి, పొద్దు వాలేదాకా లేవలేదు.

ఏడో నెలలో గంగానమ్మ తిరిగొచ్చింది. లాభం వచ్చింది గానీ మూటలు మూటలుగా కాదు. కాలువకి ఇంకా కొంచెం తక్కువే పడింది. ఆ తక్కువకి వీధిజనం తామే పారలు పట్టారు. అందరికంటే ముందు పార పట్టింది లింగన్న. వేసవి రాకముందే తీపినీళ్ళు వీధిలోకి వచ్చాయి. నీలమ్మ మంచం మీద నుంచే చేతులు చాపి, బిందెలోంచి పోసిన ఆ నీళ్ళు దోసిట్లో పట్టి తాగింది. రాజుగారు ఏటేటా ప్రతి ఓడకీ కొత్త అక్షరం రాయాలనీ, ఎందుకు రాశారో కూడా చెప్పాలనీ చాటింపు వేయించాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ మనుషులు మనుషులే కదా.

మరుసటి ఏడు ఓడలు బయలుదేరే వేళకి వీధంతా చౌడమ్మ గుమ్మం ముందుకొచ్చింది. లింగన్న చేతులు కట్టుకుని అన్నాడు. "అక్కా, ఇక మాకు ఏ అక్షరాలూ వద్దు. నువ్వు ఏ ఓడ చెబితే ఆ ఓడ. కళ్ళు మూసుకుని పెట్టేస్తాం."

చౌడమ్మకి నవ్వు రాలేదు. "ఇన్నాళ్ళూ ఓడ మీది అక్షరాన్ని మొక్కారు. ఇప్పుడు దాన్ని తీసేసి, ఆ చోట నన్ను రాశారు. రేపు నా కంటిచూపు తగ్గితే మిమ్మల్నెవరు కాపాడతారు? తిప్పరసుగారి అక్షరం కావాలి, మీ కళ్ళూ కావాలి. పదండి రేవుకి. లింగన్నా, ముందు నువ్వే ఓడ ఎక్కు" అంది.

తెలిసినవాడు రాసిన అక్షరం ఎక్కడ చూడాలో చెబుతుంది, చూడవలసింది మాత్రం మనమే.