పదో ప్లేటు

అనంతపురం దగ్గర ఒక వేరుశనగ పరిశోధన కేంద్రంలో పరాంకుశం అనే శాస్త్రవేత్త ఉండేవాడు. చదువులో తిరుగులేదు గానీ, ఎవరినైనా ముందు వంశం చూసి తూచేవాడు. "విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా?" అన్నది ఆయన ఊతపదం.

ఆ ల్యాబులో గంగులమ్మ పరీక్షలకు వాడే గాజు ప్లేట్లు కడిగేది. వాళ్ల నాన్న ఒకప్పుడు అక్కడే కాపలాదారు. కేంద్రం విత్తనాలు దొంగిలించి అమ్ముతూ పట్టుబడ్డాడు. ఆమెది తాత్కాలికపు పని, ఆ నెలతో సరి. ఆమెను ఉంచాలా వద్దా అన్నది పరాంకుశం మాట మీదే ఉంది. ఆయన వద్దనే అనుకున్నాడు. పాపం, ఆరు నెలల్లో ఆమె చేతిలో ఒక్క ప్లేటు పగల్లేదు.

ఒకరోజు ఆయన పాడైన కాయల మీది పచ్చబూజును పది ప్లేట్లలో పెంచి పరీక్షించాడు. అమోనియా ఆవిరి తగిలితే, విషం తయారుచేసే బూజు అడుగున గులాబీ రంగుకు తిరుగుతుంది. తొమ్మిది ప్లేట్లూ తిరిగాయి. పదోదానికి ఆయన ఆవిరి పట్టనేలేదు. అదే చేను, అదే జాతి, ఇంక చూసేదేముందని దాని మీదా 'విషం' అని రాసేశాడు. అన్నింట్లోని బూజునూ ఉడకబెట్టి పారేయమని, పక్కనే ఉండి చూస్తున్న గంగులమ్మకు చెప్పాడు.

మర్నాడు పొద్దున అల్మారాలో పదో ప్లేటు కనిపించింది. పరాంకుశానికి ఒళ్లు మండింది.

"మీ నాన్న విత్తనాలు దాచాడు. నువ్వు బూజు దాస్తున్నావా?" అన్నాడు.

గంగులమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తల దించలేదు.

"మా నాయన దాచింది అమ్ముకునేకి సార్. నేను దాచింది మీకు చూపించేకి. తొమ్మిదింటికి పరీక్ష పెట్టినారు. దీనికి పెట్టకుండానే పేరు పెట్టినారు," అంది.

ఆమె నోరు మూయించాలనే ఆ ప్లేటుకు ఆవిరి పట్టాడు. రంగు మారలేదు. మళ్లీ పెంచి మళ్లీ చూశాడు. ఊహూఁ. చివరికి దాని జన్యువులు కూడా పరీక్షించి, తన పుస్తకంలో రాసుకున్నాడు: "జాతి అదే. విషం చేసే జన్యువు మాత్రం తెగిపోయింది."

తాను రాసిందే మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. తర్వాత లేచి గంగులమ్మ దగ్గరికి వెళ్లాడు.

"తప్పు నాదమ్మా. నీకూ పరీక్ష పెట్టకుండానే పేరు పెట్టాను," అన్నాడు.

మరుసటి ఏడు విషం లేని ఆ బూజును జొన్నగింజల మీద పెంచి చేలో చల్లారు. అది తన జాతిదే అయిన విషబూజును చోటు దొరక్కుండా నెట్టేసింది. కాయల్లో విషం బాగా తగ్గింది. గంగులమ్మ ల్యాబులోనే ఉండిపోయింది. విత్తనాల గది తాళంచెవి ఇప్పుడు ఆమె కొంగునే ఉంటుంది. కొంగున ముడి వేసుకోమని దాన్ని ఇచ్చింది పరాంకుశమే.

నీతి: పుట్టుక చూసి ఎవరికీ పేరు పెట్టకూడదు, గుణం పరీక్షిస్తేనే తెలుస్తుంది.