కలివికోడి ఇల్లెక్కడ?

అనగనగా ఒక ముళ్ల అడవి. పెద్ద చెట్లు అక్కడొకటి ఇక్కడొకటి, మిగతాదంతా కలివి పొదలే. అక్కడ పేరిందేవి అనే గోరింక ఉండేది. ఏ పిట్ట ఏం తింటుందో, ఎక్కడుంటుందో పిల్లలకు చెప్పేది ఆవిడే. అందరూ పంతులమ్మ అనేవారు. ఆ పిలుపంటే ఆవిడకు మహా ముద్దు.

ఒకరోజు ఉడుతపిల్ల కలివికోడి గురించి అడిగింది. అది పగలు కనబడదు, రాత్రే తిరుగుతుంది. పొద్దు గూకగానే నిద్రపోయే పేరిందేవి దాన్ని ఒక్కసారీ చూడలేదు. ఆ మాట చెబితే పరువు పోదూ? అందుకని గొంతు సవరించుకుంది. ఏం తింటుందంటే రేగుపళ్లంది. ఎలా కూస్తుందంటే, జలుబు చేసిన కోకిలలాగ అంది. ఎక్కడుంటుందంటే చెట్టు తొర్రలో అంది. పిల్లలు బుద్ధిగా తలూపారు.

వారం తిరగకుండానే అడవిపందుల పెద్ద వీరన్న వచ్చాడు. వాగుదాకా దారి కోసం పొదలు పెకలించాలట. అక్కడెవరైనా కాపురం ఉంటున్నారా అని పంతులమ్మను అడిగాడు. కలివికోడి ఉందేమోనని ఆవిడకు అనుమానం వచ్చింది. ఇంతలో పక్కనున్న ఉడుతపిల్ల, "అది ఉండేది చెట్టు తొర్రలో కదా, మావయ్యా" అనేసింది. పేరిందేవి నోరు మెదపలేదు.

పందులు పని మొదలుపెట్టాయి. సగం పొదలు పోయేసరికి లోపల్నించి సన్నని కేక వినబడింది. పేరిందేవి ఎగిరివెళ్లి తొంగిచూసింది. మట్టిరంగు పిట్ట ఒకటి, నేల మీద, నిద్రకళ్లతో, పారిపోయే దారిలేక వణుకుతోంది. వీరన్న కోర దానికి జానెడు దూరంలో ఉంది.

పేరిందేవి ఇద్దరి మధ్యా వాలింది.

"ఆగు వీరన్నా. కలివికోడి సంగతి నాకేమీ తెలియదు. ఆ రోజు చెప్పిందంతా నేను కల్పించిందే" అంది, అందరూ వింటుండగానే.

పందులు వెనక్కి తగ్గాయి. మిగిలిన సగం పొదలు నిలిచాయి.

"నన్నే అడక్కపోయారా పంతులమ్మా? సాయంత్రమైతే మెలకువగానే ఉంటాను" అని కలివికోడి ఆవులిస్తూ పొదల్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు ఉడుతపిల్ల, వానాకాలంలో అది ఎక్కడ తలదాచుకుంటుందని అడిగింది.

"తెలియదు నాన్నా" అంది పేరిందేవి. ఆ మాట అనడం తను భయపడినంత కష్టమేమీ కాలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ పొదల పక్కన కూర్చున్నారు. పంతులమ్మ కునుకు తీసినప్పుడల్లా శిష్యురాలు తోకతో తట్టి లేపింది.

నీతి: తెలియనిది తెలియదని చెబితే మన పరువేమీ పోదు, తెలిసినట్టు చెబితే మాత్రం ఆ కష్టం ఇంకొకరి మీద పడుతుంది.