కుమ్మరివాడకు కాపురమొచ్చిన దొరలు

నరసభూపతి ఒకనాడు గుర్రమెక్కి కుమ్మరివాడ మీదుగా పోతుంటే, నడక వచ్చీరాని పసిపిల్ల ఒకతె కుండలు కాల్చే ఆవం మండుతుంటే దాని వైపు తప్పటడుగులేస్తూ కనిపించింది. తల్లి ఓబులమ్మ మట్టి తొక్కుతోంది. ఆమె కేక పెట్టి పరిగెత్తి పట్టుకుంది గాని, రాజు గుండె జారిపోయింది.

మర్నాడే ఆజ్ఞ వేశాడు. "కుమ్మరివాడలో పసిపిల్లల బడి పెట్టండి. పాలూ బెల్లం, పప్పన్నం, ఆటాపాటా అన్నీ ఉచితం. ఆ వాడలో ఇల్లున్నవాళ్ళ పిల్లలకే చోటు."

పెత్తనం నగరాధికారి పెద్దిరాజుకు అప్పగించాడు. తాను అనుమతిస్తేనే పొద్దు పొడుస్తుందనుకునే రకం ఆయన.

అంతలో రాణిగారు బడి చూసి ముచ్చటపడ్డారు. ఇంకేం! రాణిగారు మెచ్చిన బడిలో తమ పిల్లలు లేకపోతే పరువేం కాను? కోటవీధి దొరలంతా కుమ్మరివాడలో తలా ఒక గుడిసె బాడుగకు పట్టి, గుమ్మానికి మామిడాకులు కట్టి, ఇదే మా ఇల్లన్నారు. అందరికన్నా ముందు మనవడి కోసం గుడిసె పట్టినవాడు పెద్దిరాజే.

పిల్లల్ని చేర్చుకునే రోజున వాడంతా పల్లకీలే. ఓబులమ్మ బిడ్డను చంకనేసుకుని వెళ్ళింది.

"నిండిపోయింది. వచ్చే ఏడు రా!" అన్నాడు పెద్దిరాజు.

"ఇప్పుడింకా నడస్తా ఉంది సామీ. వచ్చే ఏటికి పరిగెత్తతాది. అప్పుడు ఆవం కాడ దీన్ని ఎవురు పడతారు?"

పెద్దిరాజు మీసం దువ్వుకుంటూ తర్వాతి పల్లకీ వైపు తిరిగాడు. సిగ్గూశరం లేని మనిషి!

ఓబులమ్మ ఏడుస్తూ పోయి ఆస్థాన విదూషకుడు వెంగన్నకు మొరపెట్టుకుంది.

మర్నాడు కొలువులో వెంగన్న చేతులు జోడించాడు. "ప్రభూ, శుభవార్త! మన దొరలంతా కుమ్మరివాడకు కాపురం మార్చారు."

"నిజమా పెద్దిరాజూ?"

"చిత్తం ప్రభూ. పేదల నడుమ బతకడమే పుణ్యమని..." అంటూ పెద్దిరాజు కళ్ళొత్తుకున్నాడు. మిగతా దొరలూ తలలూపారు.

"సరిగ్గా సమయానికొచ్చారు ప్రభూ! వానలకు ముందు ఆ వాడవాళ్ళు ఇంటికొకరు చొప్పున మురుక్కాలువలో దిగి పూడిక తీస్తారు. పనివాళ్ళను పంపకూడదు, ఇంటి యజమానే దిగాలి. అదీ ఆనవాయితీ. రేపే మొదలు."

ఈ కాపురాలన్నీ బడి కోసమేనని రాజుకు అర్థమైంది. నవ్వు బిగబట్టి, "కానివ్వండి. పారలు నేనిప్పిస్తాను," అన్నాడు.

కొలువులో గుసగుసలు లేచాయి. పెద్దిరాజు తన పట్టుపంచె వైపు ఒకసారి చూసుకున్నాడు.

"ప్రభూ... ఆ ఇల్లు పేరుకే. మేముండేది కోటవీధిలోనే!"

"మేమూ అంతే, మేమూ అంతే!" అన్నారు దొరలు.

వెంగన్న బుగ్గన వేలేసుకున్నాడు.

"పాలు తాగే వేళకు కుమ్మరివాడ, పార పట్టే వేళకు కోటవీధా అయ్యగారూ?"

రాజు పగలబడి నవ్వాడు, కొలువంతా ఘొల్లుమంది. అక్కడికక్కడే దొరల పిల్లల్ని బడి మానిపించి, వాడ పిల్లలందరికీ చోటిచ్చాడు. మొదట పిలిచింది ఓబులమ్మ బిడ్డనే.

తన మెడలోని ముత్యాలహారం తీసి వెంగన్న మెడలో వేసి, జారుకోబోతున్న దొరలను రాజు ఆపాడు.

"ఇన్నాళ్ళు కాపురమున్నామన్నారుగా. ఈ ఒక్క ఏడాదికి పూడిక తీసి వెళ్ళండి!"