రెండు కుండల కావడి

ఒకానొక రాజ్యంలో, కోటగోడను ఆనుకుని ఊరి చెత్తంతా పడే పెద్ద దిబ్బ ఉండేది. దాన్ని చూసుకునేది నూకాలు. ఎండలు ముదిరాక దిబ్బ లోపల్నుంచి పొగ లేవడం చూసి, ఆమె నగరాధికారి విరూపాక్షయ్య దగ్గరికి పరుగెత్తింది.

“అయ్యా, దిబ్బ అంటుకుంటే ఊరు మిగలదు. నాలుగు బళ్ళ మన్ను ముందే పక్కన పోయించండి.”

“పొగకే మన్నా? నా కళ్ళతో మంట చూసినరోజు పంపిస్తాను, పో!”

మర్నాడు నూకాలు మూతలు పెట్టిన రెండు కుండల్ని కావడిలో మోసుకుంటూ కచేరీకి వచ్చింది. ఒక కుండ మూత తీసి, లోపలి చెత్తను కర్రతో కదిపింది. రాజుకుంటున్న నిప్పుకు గాలి తగిలి మంట భగ్గుమంది.

విరూపాక్షయ్య గద్దె మీదికి ఎక్కేశాడు. “ఆర్పవే! మన్ను పొయ్యవే!”

“కళ్ళతో చూశారుగా అయ్యా. ఇక వెళ్ళి మన్ను తవ్వుకొస్తాను,” అంటూ నూకాలు గుమ్మం వైపు నడిచింది.

“నువ్వొచ్చేదాకా నేనేమైపోవాలే!”

నూకాలు వెనక్కి తిరిగి, రెండో కుండలోని తడిమన్ను మంట మీద కుమ్మరించింది.

“కుండెడు చెత్తకే నేను కుండెడు మన్ను వెంట తెచ్చుకున్నాను. కొండంత దిబ్బ పక్కన మీరేం పెట్టారయ్యా?”

పొద్దుగూకేలోపు మన్నుబళ్ళు దిబ్బ దగ్గర వరసకట్టాయి. ముందుబండి పక్కన ముక్కు మూసుకుని నడిచింది విరూపాక్షయ్యే.

ఆ వారమే దిబ్బ అంటుకుంది. ఊరికి పొగవాసన తగిలేలోపే నూకాలు మంటను మన్ను కింద పడుకోబెట్టేసింది.