నక్క మోసిన బంకమట్టి

మడుగు గట్టున తుమ్మచెట్టు కొమ్మలకు ఆ ఏడు చాలా గూళ్లు వేలాడుతున్నాయి. అన్నీ గిజిగాళ్లవే. అన్నిటికీ గోడలు లేచాయి, వాకిళ్లు దిగాయి. ఒక్క పుల్లయ్య గూడు మాత్రం బోర్లించిన బుట్టలా సగంలోనే ఆగిపోయింది. పని చేతకాక కాదు సుమండీ. ఆ చెట్టు మీద పుల్లయ్య అల్లికకు సాటే లేదు. వాడికున్న జబ్బల్లా మొగమాటం. ఎవరు పిలిచినా "ఇదిగో వస్తున్నా" అనేస్తాడు.

ఈత పీచు సంగతి మీకు తెలిసిందే. తెల్లవారి చల్లదనం ఉన్నంతసేపే అది చెప్పినట్టు వంగుతుంది. ఎండెక్కితే పుటుక్కున తెగుతుంది. గుంటనక్క సరిగ్గా ఆ తెల్లవారి పూటే చెట్టు కిందికి వచ్చేది.

"అల్లుడూ! నా బొరియ వాకిలికి తెర అల్లిపెట్టాలి. కాస్త దిగి రా."

"మొన్ననే అల్లాను కదా మామా?"

"తోకకు చుట్టుకుని చిరిగిపోయిందయ్యా. అంతటి పనివాడివి, నీకదొక లెక్కా?"

ఆ ఒక్క మాటకే పుల్లయ్య పొంగిపోయి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఎండ చుర్రుమంటోంది. కొమ్మ మీద అతడి ఆలి పసిడమ్మ ముక్కు బిగించుకుని కూర్చుంది.

"పుల్లయ్య వేమవరం వెళ్లొచ్చినట్టుంది నీ యవ్వారం! అదిగో తొలకరి మబ్బు. నాలుగు రోజుల్లో గుడ్లు పెట్టాలి నేను. గూడు లేకపోతే ఆ కింద గడ్డిలోనే పెట్టాలి. పెట్టమంటావా?"

పుల్లయ్య సిగ్గుతో తల వంచుకుని మడుగులోకి ఎగిరిపోయి, అక్కడ నీళ్లలో పడుకుని నెమరేస్తున్న గేదె నల్లమ్మ కొమ్ము మీద వాలాడు.

"అత్తా, ఊరంతటికీ పనులు చేస్తున్నాను, నా ఇల్లు మాత్రం లేవడం లేదు. నీకు పొద్దెలా సరిపోతుందే?"

"మేసేప్పుడు మేస్తాను. అప్పుడు నువ్వు పిలిచినా పలకను," అంది నల్లమ్మ తాపీగా. "నెమరేసేప్పుడు ఎవరొచ్చినా కబుర్లు చెబుతాను. దవడకూ చెవికీ తగువేముందిరా నాయనా? ఇంతకీ ఆ నక్క మధ్యాహ్నం ఎందుకు రాదో ఎప్పుడైనా అడిగావా?"

"లేదే."

"నీ గూటి కింద గడ్డిలో పొంచి కూర్చునే చోటు వెతుక్కుంటుంటే నిన్న చూశాను. దానికి తెర ఎందుకురా? మీ గుడ్లు నేలకు దిగాలి, అంతే."

పుల్లయ్యకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ నక్క కన్నేసింది తన ఉదయాల మీద కాదు, ఇంకా పుట్టని తన పిల్లల మీద! తిరిగొచ్చి సగం గూటి మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఆలోచనలో పడ్డాడు.

మర్నాడు నక్క రానే వచ్చింది. "అల్లుడూ!" అని పిలిచింది. పలుకు లేదు. మళ్లీ పిలిచింది. పుల్లయ్య నోట్లో ఉన్న పీచును ముడివేసి, అప్పుడు తల తిప్పాడు.

"మామా, పొద్దున పూట నా ముక్కు పీచుకు అంకితం. ఎండెక్కాక రా. అప్పుడు గూటి లోపల బంకమట్టి మెత్తుకుంటూ కూర్చుంటాను, నువ్వు చెప్పిందల్లా వింటాను. ఒట్టి నోటితో మాత్రం రాకు. మడుగు నుంచి ఓ ముద్ద మట్టి పట్టుకురా."

నక్క లోలోపల నవ్వుకుంది. 'పీచు గూటికి మట్టా! బరువెక్కి అదే ఊడి పడుతుంది. వెర్రివాడు నా పని తనే చేసిపెడుతున్నాడు!' పైకి మాత్రం వినయమంతా ఒలకబోసింది. "ఒక ముద్దేం ఖర్మ అల్లుడూ, ఎన్ని కావాలంటే అన్ని!"

ఆ మధ్యాహ్నం నుంచి చూడాలి తమాషా. నోట్లో మట్టి ఉన్నంతసేపూ నక్కకు మాట పెగలదు. దించి మాట మొదలెట్టబోతే పుల్లయ్య దాన్ని ముక్కుతో కొంచెం కొంచెంగా గూటికి ఎత్తుకుంటూ, "భలే జిగురు మట్టి మామా! ఇంకొక్క ముద్ద," అంటాడు. బరువు పెరగాలన్న ఆశతో అది మళ్లీ పరుగెత్తేది. కబుర్లకు వచ్చిన ఉడుతకూ అదే మాట: "అక్కా, రేపొచ్చేప్పుడు రెండు ఈతాకులు పట్టుకురా." ఉడుత నవ్వి, తెచ్చి ఇచ్చింది. పొద్దున్న అల్లిక, మధ్యాహ్నం మెత్తుడు, కబుర్లకు కబుర్లు. గూడు నిండుగా దిగింది. పసిడమ్మ లోపలికి వెళ్లి, మరి బయటికి రాలేదు.

తొలకరి ఊరికే రాలేదు, గాలిని వెంటబెట్టుకు వచ్చింది. గూళ్లన్నీ ఉయ్యాలలూగాయి. అడుగున మట్టి బరువున్న పుల్లయ్య గూడు మాత్రం తొణకలేదు. కింద గడ్డిలో నక్క నోరు తెరుచుకుని పైకి చూస్తూ, ముద్దగా తడిసిపోయింది.

వాన వెలిశాక పుల్లయ్య నల్లమ్మ దగ్గరికి వెళ్లాడు. కళ్లు చెమర్చాయి. "అత్తా, నువ్వు కళ్లు తెరిపించకపోతే నా సంసారం నేలపాలయ్యేది. ఈ మేలు మరిచిపోను."

"నేనేం చేశానురా, ఒక మాటే కదా చెప్పాను. వెన్ను వంచి మోసింది నక్క. ఆ మేలు మాటేదో దానికే చెప్పు."

నిజమే కదా అనుకున్నాడు పుల్లయ్య. వచ్చి కొమ్మ చివర వాలి, వెటకారమేమీ లేకుండా, మనసారా అన్నాడు:

"మామా, నువ్వు మోసుకొచ్చిన మట్టే ఇవాళ గాలికి నా గూటిని నిలబెట్టింది. పిల్లలు కళ్లు తెరిచాక మొదట నీ పేరే చెబుతాను."

తిట్టి ఉంటే నక్క తిరిగి తిట్టేది. దండం పెట్టేసరికి, పళ్ల సందున బంకమట్టిని నాలుకతో తడుముకుంటూ, తోక ముడిచి తుప్పల్లోకి జారుకుంది.

తన పొద్దుకు తానే కాపు కాసుకున్నవాడికి, దాన్ని దోచుకోవడానికి వచ్చినవాడు కూడా కూలి అడగకుండా పని చేసిపోతాడు.