సూరప్ప తెచ్చిన కాఫీపొడి

“దొరికింది స్వామీ, దొరికింది!”

వీధి మలుపులోంచే వినబడింది అరుపు. ఆశ్రమం వసారాలో ఆకలితో కాచుక్కూర్చున్న మాకందరికీ అర్థమైపోయింది, ఇవాళ టిఫిను ఇంకా ఆలస్యమని. స్వామివారు కాఫీ తాగడం అయితేనే మేం ఆకుల ముందు కూర్చోవాలి. అది మా ఆశ్రమం పద్ధతి.

అరిచింది సూరప్ప. మదనపల్లె పక్కనున్న మా చిన్న ఆశ్రమంలో విమలబోధ స్వామివారికి ఏళ్ల తరబడి ఫిల్టరు కాఫీ కలిపిన శిష్యుడు. ఆ కాఫీ సంగతి ఏం చెప్పమంటారు, వాసనకే సగం కడుపు నిండేది. స్వామివారు కళ్లు మూసుకుని గుక్క గుక్కా తాగి “ఆహా” అనేవారు. ఆ ఒక్క మాట కోసమే సూరప్ప తెల్లారకముందే లేచేవాడు.

అట్లాంటిది, స్వామివారికి గుండెదడ పట్టుకుంది. డాక్టరుగారు కెఫీన్ వద్దన్నారు. స్వామివారు సరేనన్నారు. సూరప్పే అనలేకపోయాడు. కెఫీన్ తీసేసిన పొడి కావాలి, తాగితే మాత్రం అసలు కాఫీలాగే ఉండాలి అని ఊళ్లు పట్టుకు తిరిగాడు. ఒకటి పొట్టు వాసన, ఇంకోటి మాడిన చింతగింజల రుచి. తనే రుచి చూసి తనే పారబోసేవాడు.

ఈ లోపల వంట చేసే నీలకంఠం ఏదో వేడిగా ఇత్తడి గ్లాసులో పోసి ఇస్తుండేవాడు. స్వామివారు ఎప్పటిలాగే కళ్లు మూసుకుని తాగి, ఎప్పటిలాగే “ఆహా” అనేవారు.

సూరప్పకు నిద్ర పట్టనిది అక్కడే. వీడికి ఏ పొడి దొరికింది, నాకెందుకు చెప్పడు అని. అడిగితే నీలకంఠం నవ్వి ఊరుకునేవాడట. ఇంక తన చేతి కాఫీతో స్వామివారికి పనిలేదేమోనని మా దగ్గర కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు.

ఆ పొద్దున బెంగళూరు బస్సు దిగి నేరుగా వంటింట్లోకి పోయాడు. డికాషన్ దిగేదాకా ఫిల్టరు పక్కనే నిలబడి, నురగతో పొగలు కక్కే కాఫీ తెచ్చాడు. ఆ వాసనకి మేమే నోళ్లు తెరిచాం. అప్పటికి స్వామివారి చేతిలో నీలకంఠం ఇచ్చిన గ్లాసు సగమైంది.

“ఆహా” అన్నారు స్వామివారు, ఆ గ్లాసుకే.

సూరప్ప మొహం మాడిపోయింది. “ఇంత తిరిగాను స్వామీ. ఆ నీలకంఠం పెట్టేది ఏం పొడో ఇవాళైనా చెప్పండి.”

స్వామివారు తన గ్లాసు అతని చేతికిచ్చారు.

సూరప్ప ఎత్తి నోట్లో పోసుకున్నాడు. గ్లాసులోకి తొంగిచూశాడు. స్వామివారిని చూశాడు.

“వేణ్ణీళ్లు” అన్నాడు.

ఇన్నాళ్లూ చూస్తూనే ఉన్నాం, స్వామివారి మొహంలో ఒక్కనాడూ తేడా లేదు.

“మరి ఆహా అంటారేం స్వామీ?”

“పొద్దున్నే లేచి నాకోసం కాచారు నాయనా” అంటూ స్వామివారు సూరప్ప తెచ్చిన కాఫీ అందుకున్నారు. కళ్లు మూసుకుని తాగారు. “ఆహా” అన్నారు.

అసలు కాఫీలాగే ఉందా అని సూరప్ప అడగలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ నీలకంఠాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వడ్డించే నీలకంఠం కూడా కూర్చోవడంతో ఇడ్లీల గిన్నె ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయింది. స్వామివారితో సహా అందరం కలిసి తిన్నాం.